సరుగుడు తోపు, మూడో వరస

కోసపాళయంలో తుపాకులు పేలి అప్పటికి పన్నెండు రోజులు. ఎన్నిక నాడు ఓటు వెయ్యడానికి పోయిన మగవాళ్ళకు పెట్టె ముందే నిండిపోయిందని చెప్పారు. మా ఓట్లు ఎవరు వేశారని నిలదీసినందుకు ఎర్రటోపీ సిపాయిలు కాల్చారు. ఒక్కరూ చావలేదని ఫ్రెంచి సర్కారు చాటింపు వేయించింది. ఆ సాయంత్రమే మునిసిపాలిటీ చెత్తబండి తోలే ఇరుసప్పన్‌ను మేస్త్రి మునుసామి పిలిపించి, బండిలో చెత్తకు బదులు మనుషుల్ని ఎక్కించాడు. ఏడుగురు. వాళ్ళను వీరాంపట్టినం దారిలో సరుగుడు తోపులో, మూడో వరస చెట్ల కింద పూడ్చివచ్చానని ఇరుసప్పన్ తన భార్య కాళియమ్మకు చెప్పాడు. ఆ రాత్రే అతన్ని పట్టుకుపోయి జైల్లో వేశారు. ఆ ఏడుగురిలో ఒకడు వీధి దీపాలు వెలిగించే కరుప్పన్, ఇరుసప్పన్ సొంత చెల్లెలు సెంగమలం మొగుడు.

ఏడు ప్రాణాలు పోతే కదలని సర్కారు, ఊడ్చేవాళ్ళు చీపుర్లు కింద పెడితే కదిలింది. తెల్లదొరల వీధులు కంపు కొట్టేసరికి, తమ దేశం నుంచి వచ్చి ఉన్న ఒక పెద్ద దొరను విచారణకు వేశారు. ఎన్నికలో ఓడిన పురుషోత్తమన్‌కు ఇది మంచి అదను. గెలిచి మునిసిపాలిటీ పెద్దగా మేరు కుర్చీలో కూర్చున్న విజయరంగన్‌ను దించాలంటే ఇంతకంటే ఏం కావాలి? ఆయన వకీలు పట్టాభిరామన్ కాళియమ్మను పిలిపించి, ‘నిజం చెప్పు చాలు, నీ మొగుణ్ణి విడిపించే పూచీ నాది’ అని మాట ఇచ్చాడు. ఆ మాట పట్టుకుని ఆమె కచేరికి బయల్దేరిన దగ్గర మనం ఆగాం.

కాలువ దాటి తెల్లవాళ్ళ వైపు అడుగుపెట్టగానే కాళియమ్మకు చేతులు దురద పెట్టాయి. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఊడ్చిన వీధులు అవి. ఇప్పుడు గోడ వారల్లో చేపల తలలు, కుళ్ళిన అరిటాకులు, ఎవరో పారేసిన పరుపులోని దూది. ఈగలు మేఘంలా లేస్తున్నాయి. మేడమీద నుంచి ఒక దొరసాని ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని కిందికి చూసి, తలుపు దబాల్న వేసుకుంది. మేరు కచేరి మెట్ల ముందు చీపుర్లన్నీ వరసగా పరిచి ఉన్నాయి. వాటి వెనక ఊడ్చేవాళ్ళు, వాళ్ళ వెనక కోసపాళయం జనం, ఎవరూ కేకలు వెయ్యకుండా కూర్చుని ఉన్నారు. అరవడం కంటే ఆ కూర్చోడమే సిపాయిలకు ఎక్కువ గుబులు పుట్టిస్తోంది.

విచారణ జరిగేది ఆ కచేరిలోనే; దాని మెట్ల పక్కన సెంగమలం ఒదిగి కూర్చుంది. నుదుట బొట్టు, మెడలో తాళి, చేతికి గాజులు అట్లాగే ఉన్నాయి. మొగుడు చచ్చినాడని అందరికీ తెలుసు, చచ్చినాడని చెప్పే కాగితం లేదు, పీనుగ లేదు. బొట్టు తుడుచుకుంటే సర్కారుకు ఎదురు చెప్పినట్టు, ఉంచుకుంటే వీధిలో ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకుంటారు. ఈ పన్నెండు రోజులూ ఆమె అద్దంలో మొహం చూసుకోలేదు.

“వదినా, అన్నను చూస్తే ఒక మాట అడుగు. ఆయన్ను పెట్టేటప్పుడు తల యా దిక్కుకు పెట్టినాడో అడుగు” అంది.

కాళియమ్మ జవాబు చెప్పేలోపే వకీలు పట్టాభిరామన్ వరండాలోకి వచ్చి చెయ్యి ఊపాడు. ఆమె స్తంభం చాటుకు పోయింది. ఆయన ఎప్పటిలాగే నాలుగు మూరల దూరంలో నిలబడ్డాడు. మొహం మాత్రం ఎప్పటిది కాదు.

“కాళియమ్మా, లోపల నువ్వేమీ చూడలేదు, ఏమీ వినలేదు. అంతే చెప్పు.”

“ఏంది సామీ?”

“ఎవరో చెప్పుకుంటా ఉంటే విన్నానని చెప్పు. తప్పయిపోయిందని ఒక దండం పెట్టు. ఇంటికి పో.”

“మరి ఆ ఏడుగురు?”

“ఏ ఏడుగురు?”

కాళియమ్మ ఆయన మొహంలోకి చూసింది. చూడకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న కళ్ళు, అయినా చూసింది.

“నిన్న నువ్వే గదా సామీ, ఒక్కొక్క పేరూ నా చేత చెప్పిస్తివి. తప్పు చెప్తే మళ్ళీ చెప్పిస్తివి.”

పట్టాభిరామన్ భుజం మీద కండువా సర్దుకున్నాడు. “నిన్న వేరే, ఇవాళ వేరే. ఈ పొద్దున పెద్దవాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. పురుషోత్తమన్ గారిని మేరు పక్కన రెండో కుర్చీలో కూర్చోబెడతా ఉండారు. ఊరు చల్లగా ఉండాలంటే ఎవరో ఒకరు తగ్గాల గదా?” అని గొంతు తగ్గించాడు. “నీకు నష్టమేముంది? నీ మొగుణ్ణి తెల్లవారంగానే జైలు నుంచి వదిలేసినారు. నా మాట నేను నిలబెట్టుకున్నా. ఇంకేం కావాల నీకు?”

ఇరుసప్పన్ బయటికి వచ్చినాడు! కాళియమ్మ స్తంభానికి చేరగిలబడింది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి అడుగు దాకా దిగింది. ఇంటికి పోతే అరుగు మీద కూర్చుని ఉంటాడు. రాగి సంకటి కలిపి పెట్టచ్చు. ఒక్క దండం, ఒక్క అబద్ధం. ఆ మాటకొస్తే ఆమె అబద్ధం కూడా చెప్పనక్కర్లేదు, తెలియదంటే చాలు.

మెట్ల దగ్గర నుంచి సెంగమలం ఇటే చూస్తోంది. బొట్టు మీద చెమట పట్టి, ముక్కు మీదికి ఎర్రగా కారుతోంది.

సిపాయి లోపలి నుంచి కాళియమ్మ పేరు పిలిచాడు.

గది పెద్దది. పైన పంకా ఊగుతోంది. బల్ల వెనక విచారణ దొర, నెరిసిన గడ్డం, కళ్ళకింద సంచులు. ఆయన పక్కన పోలీసు పెద్ద, కమిసేరు. గోడ వార బెంచీ మీద విజయరంగన్, పురుషోత్తమన్, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. మొన్నటి దాకా తమ మనుషుల చేత ఒకరి మనుషుల తలలు ఒకరు పగలగొట్టించినవాళ్ళు. ఇప్పుడు ఒకే తమలపాకుల తట్టలోంచి తీసుకుని నములుతున్నారు.

దొర మాటను తెలుగులోకీ, తెలుగును దొర మాటలోకీ మార్చడానికి దుబాసీ చెంగల్రాయన్ నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళవాడు, బట్టల వ్యాపారం చేసుకునే తెలుగు కుటుంబం. కాళియమ్మ ఊడ్చే వీధుల్లోనే ఆయన ఇల్లు కూడా ఉంది.

“నీకు తెలిసింది చెప్పమంటా ఉండారు” అన్నాడు దుబాసీ.

కాళియమ్మ దండం పెట్టింది. పెట్టిన చేతులు దించలేదు. “దొరా, నా మొగుడు చెత్తబండి తోలతాడు. కాల్చిన దినం సాయంత్రం మేస్త్రి మునుసామి వచ్చి బండి కట్టించినాడు. బండిలో ఏడుగురు పీనుగలు. పైన అరిటాకులు కప్పినారు. వీరాంపట్టినం పోయే దోవలో సరుగుడు తోపు ఉండాది, ఆడ మూడో వరసలో పూడ్చినారు. వాళ్ళలో నా ఆడబిడ్డ మొగుడు ఒకడు. మిగతా ఆరుగురి పేర్లూ నాకు తెలుసు, చెప్పమంటే చెప్తాను.”

దుబాసీ బెంచీ వైపు ఒకసారి చూశాడు. తర్వాత దొర వైపు తిరిగి మాట్లాడాడు. చాలా కొద్దిగా మాట్లాడాడు. కాళియమ్మ అన్ని మాటలు చెబితే, ఆయన నోట్లోంచి నాలుగు మాటలు వచ్చాయి. దొర కలం తీసి ఏదో గీకి, తల ఊపి, చాల్లే పొమ్మన్నట్టు చెయ్యి ఎత్తాడు. పురుషోత్తమన్ తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు.

అంతే. అయిపోయింది.

సిపాయి ఆమె మోచెయ్యి పట్టుకోబోయాడు. కాళియమ్మ కదల్లేదు. దొరల మాట ఆమెకు రాదు. కానీ ఇరవై రెండేళ్ళు వాళ్ళ గుమ్మాల ముందు ఊడ్చిన మనిషికి నాలుగైదు ముక్కలు చెవినపడకుండా ఎట్లా ఉంటాయి? వాకిట్లో కాకి చచ్చి పడినా, కుక్క చచ్చినా, కాలువలో పిల్లి తేలినా, దొరసానులు వేలు చూపించి ఒకే ఒక్క మాట అరిచేవాళ్ళు, చచ్చిందని, వచ్చి తీసెయ్యమని.

ఆమె కుడి చెయ్యి అయిదు వేళ్ళూ చాపింది. ఎడమ చేతివి రెండు.

“మోర్” అంది.

పంకా తాడు లాగేవాడు ఆగిపోయాడు.

“మోర్!” అంది మళ్ళీ, ఈసారి గట్టిగా, ఏడు వేళ్ళూ దొర మొహం ముందుకు తెచ్చి. తర్వాత దక్షిణం వైపు చెయ్యి చాచి చూపించింది.

దొర కలం కింద పెట్టాడు. దుబాసీ వైపు తిరిగి ఏదో అడిగాడు. చెంగల్రాయన్ నుదురు తుడుచుకున్నాడు. దొర ఇంకోసారి అడిగాడు, బల్ల మీద అరచేత్తో కొట్టి. అప్పుడు దుబాసీ తల వంచుకుని, ఈసారి చాలాసేపు మాట్లాడాడు. బెంచీ మీద నమలడం ఆగింది. దొర లేచి టోపీ అందుకున్నాడు.

దొర, కమిసేరు, దుబాసీ, బెంచీ మీది పెద్దవాళ్ళిద్దరూ మోటార్లలో పోయారు, కాళియమ్మను పోలీసుల గుర్రబ్బండిలో ఎక్కించారు. వెనక జనం నడిచారు. పలుగు పార పట్టుకున్న ఊడ్చేవాళ్ళు, వాళ్ళతో సెంగమలం, కోసపాళయం నుంచి ఆడా మగా. ఏరు దాటేసరికి వీరాంపట్టినం పల్లెవాళ్ళు కూడా వలలు వదిలేసి వచ్చి కలిశారు. ఇసుక కాలుతోంది. తోపులో గాలి ఈల వేస్తున్నట్టు వీస్తోంది.

మూడో వరస దగ్గర కాళియమ్మ ఆగి చూపించింది. ఇసుక మెత్తగా, చుట్టుపక్కల కంటే నల్లగా ఉంది. నలుగురు మనుషులు తవ్వారు. మోకాటి లోతు. నడుము లోతు. తెల్లగా సున్నం పొర కనబడింది, గుప్పున ఒక కంపు లేచింది. జనం ఇంకా ముందుకు జరిగారు.

సున్నం కింద ఏమీ లేదు.

ఇంకా తవ్వారు. అడుగున నీరు ఊరింది. ఏమీ లేదు. ఒక గుడ్డ పేలిక లేదు, ఒక వెంట్రుక లేదు.

కమిసేరు ఎవరికో సైగ చేశాడు. చెట్ల అవతల నిలిపి ఉన్న చెత్తబండి వెనకనుంచి ఒక మనిషి నడిచి వచ్చాడు. మెడ దాకా బొత్తాలు పెట్టిన కొత్త తెల్లచొక్కా. కాళియమ్మ వెంటనే పోల్చుకోలేకపోయింది. పెళ్ళినాడు కూడా ఇరుసప్పన్ చొక్కా వేసుకోలేదు.

“మామా” అంది.

ఇరుసప్పన్ ఆమెను చూడలేదు. గుంట అవతల నిలబడి, ఒప్పజెప్పినట్టు చెప్పాడు. “దొరా, ఇక్కడ పూడ్చింది చచ్చిన ఎద్దుల్ని. నక్కలు వచ్చి తవ్వుకుపోకుండా సున్నం పోసినాం. పల్లెకు కంపు కొడతా ఉందంటే మళ్ళీ తీసి వేరేచోట వేసినాం. నేను యా మనిషినీ బండిలో ఎక్కించలేదు. నా పెండ్లానికి ఆ దినం నుంచీ మతి సరిగా లేదు.”

దుబాసీ చెప్పాడు. కమిసేరు పెదవులు కదిలీ కదలనట్టు నవ్వాడు. దొర మాత్రం నవ్వలేదు. గుంటలోని సున్నం వైపు చూసి, కాళియమ్మ వైపు చూసి అడిగాడు.

“ఇతను నీ మొగుడేనా? ఇతను చెప్పేది నిజమేనా?” అన్నాడు దుబాసీ. ఆయన గొంతులో మునుపటి దర్జా లేదు.

అబద్ధమంటే మొగుడు దొంగసాక్ష్యం కింద మళ్ళీ జైలుకు పోతాడు. నిజమంటే ఆ ఏడుగురూ ఇక ఎప్పటికీ పుట్టనివాళ్ళే. కాళియమ్మ గుంట చుట్టూ తిరిగి నడుచుకుంటూ పోయి ఇరుసప్పన్ ఎదురుగా నిలబడింది. దగ్గరికి పోతే తెలిసింది, అతను నిలబడడానికే కష్టపడుతున్నాడని. మెడ మీద ఈగ వాలితే తోలుకోవడానికి చెయ్యి లేవడం లేదు.

“వద్దు కాళీ” అన్నాడు పెదవులు కదపకుండా. “ఇంటికి పో.”

ఆమె మెడ దగ్గరి బొత్తాం పట్టుకుంది. ఒకటి విప్పింది, రెండోది తెగిపోయింది. చొక్కా వెనక్కి లాగేసరికి అది వీపుకు అంటుకుపోయి ఉంది. అతను పళ్ళ మధ్యనుంచి మూలిగాడు. ఆమె ఆగలేదు. అతన్ని భుజాలు పట్టి తిప్పి, వీపు దొరకు చూపించింది.

వీపు మీద చర్మం లేదు. పాత దెబ్బల మీద కొత్త దెబ్బలు, అడ్డంగా, నిలువుగా. నిన్నటివి ఇంకా తడిగా ఉన్నాయి.

“పీనుగలు లేవంటిరి గదా దొరా!” ఆమె గొంతు తోపంతా వినబడింది. “ఇది చూడండి. ఎద్దుల్ని పూడ్చినోణ్ణి ఇట్లా కొడతారా? ఏమడిగి కొట్టినారు? పన్నెండు దినాలు ఏమడిగి కొట్టినారు?”

జనంలోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపు కాదు, అరుపు కాదు. పారలు పట్టుకున్నవాళ్ళు ఒక అడుగు ముందుకు వేశారు. సిపాయిలు తుపాకులు భుజాల మీదినుంచి దించారు. దొర చెయ్యెత్తి వాళ్ళను ఆపి, దగ్గరికి వచ్చి, ఆ వీపును చాలాసేపు చూశాడు. తర్వాత కమిసేరుతో ఒక మాట అన్నాడు. కమిసేరు మొహం సున్నంలా పాలిపోయింది.

ఆ సందట్లో సెంగమలం ముందుకు వచ్చిన సంగతి ఎవరూ చూసుకోలేదు. ఆమె గుంట అంచున కూర్చుంది. అడుగున ఊరిన నీళ్ళను చూస్తూ, పక్కింటామెతో మాట్లాడినట్టు మెల్లిగా అంది.

“అన్నా. ఈడ లేడు. యాడికి తీసుకపోయినారో నువ్వు చెప్పలేవు, చెప్తే నిన్ను చంపేస్తారు. సరే, చెప్పొద్దు. నాకు పీనుగ వద్దు. పన్నెండు దినాలు కాచుకుంటిని, ఇంక నా వల్ల కాదు. ఈడ ఒక పొద్దయినా పండుకున్నాడు గదా, ఈ మన్నే చాలు నాకు.”

చేతిలోకి తడి ఇసుక తీసుకుని నుదుట బొట్టును తుడిచేసింది. గాజులను గుంట పక్కనున్న పలుగుకేసి కొట్టింది. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. కాళియమ్మ పరుగున పోయి ఆమెను పట్టుకోబోయి, ఎందుకు ఆపాలో తెలియక నిలబడిపోయింది. ఆపి ఏం చెప్పాలి? సెంగమలం రెండు చేతులతో మెడలోని తాళి తాడు పట్టుకుంది. పసుపుతాడు బిగుసుకుని మెడ నరాలు లేచాయి.

“తెంపొద్దు!”

ఇరుసప్పన్ అరిచిన అరుపు అది. పన్నెండు రోజులు కొరడా కింద రానిది ఇప్పుడు వచ్చింది. తూలుకుంటూ వచ్చి, మోకాళ్ళ మీద పడి, చెల్లెలి చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

“తెంపొద్దు చెల్లే, తెంపాకు! నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ తాడు తెంపాకు!”

సెంగమలం అతని మొహంలోకి చూసింది. ఒక్క క్షణం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత తాడు మీద ఆమె వేళ్ళు వదులయ్యాయి.

కాళియమ్మకు అప్పుడు అర్థమైంది. ఎక్కడ పెట్టినావని అడిగి ఎవడూ పన్నెండు రోజులు కొట్టడు. పెట్టిన చోటు మొదటి రోజే తెలుసు పోలీసులకు, తవ్వి తీసుకుపోయింది కూడా వాళ్ళే. మరి ఏమడిగి కొట్టారు? తవ్వినప్పుడు ఏడు లేవు, ఆరే ఉన్నాయి. ఏడోవాడు ఎక్కడ అని అడిగి కొట్టారు. బండి ఏరు దాటేలోపు అరిటాకుల కింద కరుప్పన్ కదిలి ఉంటాడు, మూలిగి ఉంటాడు; ఇరుసప్పన్ అతన్ని పల్లెలో ఎవరింట్లోనో దాచి ఉంటాడు. ఎవరు కాల్చమన్నారో కళ్ళారా చూసినవాడు. ఆ సంగతి చెల్లెలికి చెప్పలేదు, పెళ్ళానికి చెప్పలేదు. సెంగమలం ఏడుపు నిజమైన ఏడుపు అయితేనే పోలీసులు నమ్ముతారని, సొంత చెల్లెలిని పన్నెండు రోజులు ఏడవనిచ్చాడు. ఇవాళ ఆ వీపును ఊరి ముందు పెట్టి, ఆ నోరు తెరిపించింది తనే.

ఇరుసప్పన్ తల ఎత్తి కాళియమ్మను చూశాడు. తాను ఏమన్నాడో అతనికి అప్పుడే తెలిసింది.

జనంలో తెలుగు తెలిసినవాళ్ళంతా కొయ్యబారిపోయారు. వీరాంపట్టినం పల్లెవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఒకరినొకరు చూసుకుని, చప్పుడు చెయ్యకుండా వెనక్కి జరిగారు. కమిసేరుకు తెలుగు రాదు. దొరకు రాదు. కానీ ఆ అరుపులో ఏదో ఉందని ఇద్దరికీ తెలిసింది. కమిసేరు దుబాసీ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, గబగబా ఏదో అడిగాడు. అదే ప్రశ్న దొర కూడా అడిగాడు, నెమ్మదిగా.

దుబాసీ చెంగల్రాయన్ గుంట అంచున నిలబడి ఉన్నాడు. ముందు సెంగమలం మెడలోని తాడును చూశాడు. తర్వాత దూరంగా మోటారు పక్కన నిలబడి తననే చూస్తున్న విజయరంగన్‌ను, పురుషోత్తమన్‌ను చూశాడు. ఆ అరుపును ఉన్నదున్నట్టు చెబితే కరుప్పన్ బతికే ఉన్నాడని పోలీసులకు తెలిసిపోతుంది.

గొంతు సవరించుకుని, ఆయన దొర వైపు కాదు, కమిసేరు వైపు తిరిగాడు.